సరి వంకుల పాము

ఎండ ఇంకా కొబ్బరాకుల మీద ఉండగానే పడవ ఊర్మిద్వీపపు ఒడ్డు తాకింది. మల్లికాపుర యువరాజు శరభాంకుడు ముందుగా ఇసుకలోకి దూకి, తడిసిన పంచె కొసలు పిండుకుని, వీపున కట్టుకున్న కత్తిని సర్దుకున్నాడు.

చూడముచ్చటైన ద్వీపం అది. ఒడ్డు పొడవునా ముత్యాలు పొడిచేసి చల్లినట్టు తెల్లని ఇసుక. దాని వెనక ఘుమఘుమలాడే లవంగ వనాలు. వాటి వెనక మెట్లుమెట్లుగా వరిచేలు, ఆకుపచ్చ పట్టుచీరకి కుచ్చిళ్ళు పెట్టినట్టు. అన్నిటికీ వెనక, విందులో ఒక విస్తరి ఎక్కువ తిన్న పెద్దమనిషిలా కూర్చుని, ఉండుండి పొగ తేన్చే నిప్పుకొండ.

"పొద్దు కుంకేలోగా పని అయిపోవాలి గవరమ్మా," అన్నాడు శరభాంకుడు.

గవరమ్మ పడవ మనిషి. యాభై ఏళ్ళు దాటాయి. ఏటా ఈ ద్వీపానికి ఉప్పుచేప తెచ్చి అమ్ముకుని పోతుంది. యువరాజు పనేమిటో దారి పొడవునా విని విని ఆమెకి కంఠతా వచ్చేసింది. కుంభదంష్ట్రుడనే మాయావి యువరాజు చెల్లెలు వనమాలికని ఎత్తుకుపోయాడు. వాడు బాకుగా మారి, ఆ పిల్లని బాకుకి కొయ్యపిడిగా మార్చి, ఊర్మిద్వీపపు రాజుగారి ఆయుధశాలలో వందలాది బాకుల మధ్య నక్కాడని ఒక ముసలి గుడ్లగూబ చెప్పింది. ఈ రోజు అక్కడ బాకుల స్నానాల పండగ. పొద్దు కుంకే వేళకి రాజు ఊర్మికేతుడు వాటిలోంచి ఒకటి ఎంచుకుని నడుముకి దోపుకుంటాడు. అది మాయావి అయితే, రాజు బుద్ధి వాడి చేతిలోకి పోతుంది. పిడిలో ఉన్న పిల్ల ఇక ఎన్నటికీ పిడే.

"పని సంగతి తరవాత బాబూ. ముందు ఆ కత్తి పడవలో ఒగ్గేసి రండి," అంది గవరమ్మ.

"క్షత్రియుణ్ణి. కత్తి లేకుండా అడుగు వెయ్యను."

"అడుగెయ్యడానికేం గానీ, మీ కత్తి తిన్నగా ఉంది. ఇక్కడ తిన్నటి కత్తంటే..."

ఆమె మాట పూర్తి కాకుండానే లవంగ చెట్ల చాటు నుంచి ఇద్దరు కావలివాళ్ళు వచ్చారు. ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టలేదు, ఎవరు నువ్వని అడగలేదు. గబగబా శరభాంకుడి వెనక్కి వెళ్ళారు. అతను వాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళారు. అతను మళ్ళీ తిరిగాడు. ముగ్గురూ గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతూ ఉండగా చివరికి ఒకడు అతని వీపున ఉన్న కత్తిని ఒర కొంచెం తప్పించి చూసి, చటుక్కున నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

"ష్... నిద్రపోతున్నాడు."

"ఎవరు?" అన్నాడు శరభాంకుడు.

"పాపం, కలవరిస్తున్నాడు," అన్నాడు రెండోవాడు జాలిగా. తన భుజం మీది దుప్పటి తీసి శరభాంకుడికి కప్పాడు.

గవరమ్మ నెత్తి కొట్టుకుని, శరభాంకుడి చెవి దగ్గరికి వచ్చింది. "నే చెప్పేది ఇదే బాబూ. వీళ్ళ బాకుని కెరీసంటారు. కెరీసంటే వీళ్ళకి పాము. వంకులు తిరిగుంటే పాము పాకుతున్నట్టు. వంకులే లేకపోతే పాము పడుకున్నట్టు. పాము పడుకుంటే కట్టుకున్న మనిషి పడుకున్నట్టే."

"నేను నిలబడి మాట్లాడుతున్నాను కదా!"

"ఆళ్ళు కాదంటల్లేదు. నిద్దట్లో నిలబడి మాటాడతన్నారంటన్నారు."

శరభాంకుడు కోపంగా కత్తి దూయబోయి ఆగాడు. ఒక ఆలోచన వచ్చింది. "గవరమ్మా, నిద్రలో నడిచేవాణ్ణి వీళ్ళు ఆపుతారా?"

"అమ్మో! ఆపితే గుండాగి చచ్చిపోతాడని భయం. దారిలో రాయుంటే తీసి పక్కన పెడతారు."

శరభాంకుడు దుప్పటి సర్దుకుని, చేతులు ముందుకి చాచి, కోట వైపు నడక మొదలుపెట్టాడు.

ఏ ఆటంకమూ లేకుండా కోటలోకి ప్రవేశించిన వీరుడు అతనొక్కడేనేమో. మొదటి ద్వారం దగ్గర భటులు ఈటెలు పక్కకి తీసి, కాళ్ళకి అడ్డం లేకుండా చీపురుతో ఊడ్చారు. రెండో ద్వారం దగ్గర తలకింద పెట్టుకోమని ఒక దిండు ఇచ్చారు. నిలబడ్డ మనిషికి తలకింద ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని దుప్పటితో కలిపి మెడకి కట్టారు. మూడో ద్వారం దగ్గర ఒక ముసలమ్మ వెంటపడింది. ఆమె ఆ కోటలో జోలపాటల ఉద్యోగి.

"పాకకే పాకకే పచ్చని పామా,
పాలు తెస్తానే, పడుకోవె పామా..."

"వద్దమ్మా, నాకు నిద్ర చాలు," అన్నాడు శరభాంకుడు.

"చాలో చాలదో నిద్దర్లో ఉన్నోడివి నీకేం తెలుసు నాయనా? జీతం తీసుకుంటున్నాను, పాడనీ," అని ముసలమ్మ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

ఆ పాట వెంటరాగా యువరాజు ఆయుధశాలలోకి అడుగుపెట్టాడు. అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాడు.

ఎర్రచందనం స్తంభాల మధ్య, పసుపు పట్టు పరిచిన బల్లల మీద వరసలు వరసలుగా కెరీసులు. ఉక్కు మీద నల్లని, వెండి రంగు చారలు; కొన్నిటి మీద ఒలికిన బియ్యంలా, కొన్నిటి మీద వాన చినుకుల్లా, ఒకదాని మీద పాలు పొంగి ఆరిపోయినట్టు. పాములన్నీ ఒకేసారి ఏరు దాటుతూ ఎవరో పిలిస్తే ఆగినట్టున్నాయి. పళ్ళాల నిండా సగానికి కోసిన నిమ్మకాయలు. గిన్నెల్లో మల్లెనూనె. ప్రతి బాకు పిడీ శాలువా కప్పుకుని ముడుచుకు కూర్చున్న చిన్న మనిషి బొమ్మ. వందల బొమ్మలు. అన్నీ చలికి వణుకుతున్న ముసలమ్మల్లాగే ఉన్నాయి. వీటిలో చెల్లెలు ఎక్కడ?

శాల చివర గద్దె మీద రాజు ఊర్మికేతుడు దిగులుగా ఉన్నాడు. దానికి కారణముంది. ఆ దేశంలో మనిషి విలువ వాడి బాకు వంకుల్లో ఉంటుంది. మూడు వంకులది ఆవులింత పాము, గుమాస్తాలు కట్టుకుంటారు. ఐదు వంకులది ఆకలి పాము, వంటవాళ్ళది. ఏడు వేట పాము, భటులది. తొమ్మిది పడగ పాము, సేనాపతులది. పదకొండు పగ పాము, మంత్రులది. పదమూడు రాచపాము, అది రాజుకొక్కడికే. కానీ రాజుగారి పాత రాచపాము తుప్పుపట్టి విరిగిపోయింది. మూడేళ్ళుగా ఆయన పదకొండుతోనే సర్దుకుంటున్నాడు. దాంతో మంత్రులు "ఏమోయ్ ఊర్మికేతూ" అని పిలవడం మొదలుపెట్టారు.

"ఏమయ్యా, ఈసారైనా పదమూడు తగిలిందా?" అన్నాడు రాజు.

"చూస్తున్నాం ప్రభూ," అన్నారు ఇద్దరు ఒకేసారి.

వాళ్ళిద్దరూ వంకుల పండితులు. మకరయ్య పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా లెక్కపెడతాడు. శంఖయ్య మొన దగ్గర మొదలుపెట్టి పిడి దాకా లెక్కపెడతాడు. ఎటు నుంచి చూసినా లెక్క ఒకటే. అయినా ముప్ఫై ఏళ్ళుగా ఆ తగువు తెగలేదు. పైగా వాళ్ళు బావాబావమరుదులు.

"పాముకి తల ముందు, తోక తరవాత. తల పిడి దగ్గరుంది," అన్నాడు మకరయ్య, నిమ్మచెక్కతో ఒక బాకు రుద్దుతూ.

"కరిచేది మొన కదా బావా. నీ పాము తోకతో కరుస్తుందా?"

"కరిచిందాకా ఎందుకు బామ్మర్దీ, మీ వంశంలో నాలుక చాలు."

"ఆ వంశం పిల్లని చేసుకుని ముప్ఫై ఏళ్ళు అన్నం తిన్నావు. విషం ఎక్కలేదే?"

మాటలు సాగుతూనే ఉన్నాయి, వేళ్ళూ ఆగలేదు. బొటనవేలు బాకు అంచున ఉన్న గుంటలోకి జారి, అవతలి అంచు గుంటలోకి దాటి, మళ్ళీ ఇవతలికి వచ్చేది. ఇటొక వంకు, అటొక వంకు. ఏడు, తొమ్మిది, ఐదు, మళ్ళీ ఏడు. లెక్క తేలిన బాకుకి మల్లెనూనె రాసి, పక్క బల్ల మీదికి మార్చేవారు.

శరభాంకుడు కిటికీలోంచి చూశాడు. సూర్యుడు సముద్రానికి బారెడెత్తులో ఉన్నాడు. దుప్పటీ దిండూ ఊగుతుండగా అతను బల్లల మధ్య అటూ ఇటూ నడిచాడు. ప్రతి పిడి ముఖంలోకీ వంగి చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. జోలపాట మాత్రం వదల్లేదు.

అంతలో ఒక సేవకుడు సాంబ్రాణి ధూపం తెచ్చి బాకుల మీదుగా పట్టాడు.

"హాచ్చి!"

శరభాంకుడు ఉలిక్కిపడ్డాడు.

"హాచ్చి!... హీచ్!"

మల్లికాపురం అంతఃపురంలో దీపారాధన వేళ అతను రోజూ విన్న తుమ్ములవి. వనమాలికకి సాంబ్రాణి పడదు. తుమ్మితే మూడుసార్లు తుమ్ముతుంది. రెండు మామూలుగా, మూడోది ముంగిసని తొక్కినట్టు. ఒకసారి ఆ మూడో తుమ్ముకి పట్టపుటేనుగు బెదిరి చెరువులో దిగి మర్నాటిదాకా రాలేదు.

శాలలోని వాళ్ళంతా శరభాంకుడి వైపు చూశారు.

"నిద్రలో జలుబు చేసింది పాపం," అని ఒక భటుడు ఇంకో దుప్పటి కప్పాడు.

రెండు దుప్పట్ల కింద నుంచే శరభాంకుడు కనిపెట్టాడు. మకరయ్య ఎదురుగా ఉన్న బాకు అది. మిగిలిన బొమ్మలన్నీ చలికి ముడుచుకున్నాయి. ఈ బొమ్మ మాత్రం చెంపకి చెయ్యి ఆనించుకుని, మూతి విరిచి, ఆలస్యంగా వచ్చిన అన్నని చూసే చెల్లెలిలా కూర్చుని ఉంది.

మకరయ్య ఆ బాకు అందుకున్నాడు. "ఇది చూడగానే తెలుస్తోంది. పదకొండు," అంటూ బొటనవేలు జార్చాడు. "...తొమ్మిది, పది, పదకొండు. మంత్రుల బల్ల మీద పెట్టండి."

"ఆగు బావా, ఇలా తే," అని శంఖయ్య లాక్కున్నాడు. బావ పదకొండన్నాడు గనక అది పదకొండు కాదని అతనికి ముందే నమ్మకం. "పదమూడులా లేదూ! ...పదకొండు, పన్నెండు, పదమూడు! ప్రభూ, రాచపాము!"

రాజు గద్దె మీంచి లేచి నిలబడ్డాడు.

"పదమూడా? ఇటివ్వు," అన్నాడు మకరయ్య. మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే. శంఖయ్య మళ్ళీ లెక్కపెట్టాడు. పదమూడే. బాకు చేయి మారినప్పుడల్లా దాని నడుము కొంచెం కదిలినట్టు శరభాంకుడికి అనిపించింది, కాలవలో జెర్రిపోతు కదిలినట్టు.

"అదే! అదే మాయావి! పట్టుకోండి!" అని అరిచాడు.

"పీడకల," అన్నాడు రాజు. "ముసలమ్మా, కొంచెం గట్టిగా పాడు."

ముసలమ్మ గట్టిగా పాడింది.

బయట ఎండ ఎర్రబడింది. రాజు అసహనంగా చప్పట్లు చరిచాడు. "పొద్దు కుంకుతోంది. మా తాతగారి నాటి పద్ధతి ఒకటుంది. పండితులిద్దరికీ పొసగనప్పుడు నిద్రలో ఉన్నవాణ్ణి అడగాలి. నిద్రపోయేవాడికి బంధుప్రీతి ఉండదు. లంచం తీసుకుందామంటే చెయ్యి లేవదు. ఆ నిద్రపోతున్న అతిథి చేత లెక్కపెట్టించండి."

గవరమ్మ అప్పటికి జనంలో తోసుకుంటూ వచ్చి, శరభాంకుడి మోచెయ్యి గిల్లింది. "పదకొండనండి బాబూ! పదమూడంటే రాజు నడుముకి ఎక్కేస్తాది. పదకొండంటే ఏ మంత్రికో పోద్ది, మెల్లిగా లాక్కుందాం."

పదకొండు. కష్టమేముంది? శరభాంకుడు ఎడమచేత్తో పిడి పట్టుకుని, కుడిచేతి వేలు బాకు మీద పెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

అన్న చెయ్యి తగలగానే కొయ్యకి గొంతు వచ్చింది. సన్నగా, ముక్కుతో, అతనికొక్కడికే వినిపించేంత.

"అన్నయ్యా! మెడలో దిండేమిటి?"

"చెబుతాను, ఆగు. నాలుగు... ఐదు..."

"ఇంత ఆలస్యమా? నేను ఎన్ని నిమ్మకాయల స్నానం చేశానో తెలుసా? కళ్ళు మండిపోతున్నాయి!"

"ఆగవే! ఆరు... ఎక్కడున్నాను? ఏడు... ఏడేనా?"

"నన్నడుగుతావేం? చిన్నప్పుడూ అంతే, నీ ఎక్కాలు కూడా నేనే చెప్పేదాన్ని."

ఒక వంకు రెండుసార్లు లెక్కపెట్టాడో, ఒకటి వదిలేశాడో శరభాంకుడికి తెలియలేదు. వేలు మొన దాకా వచ్చేసింది.

"పన్నెండు!" అనేశాడు కంగారులో.

శాల పగిలిపోయేలా నవ్వులు. మంత్రులు నవ్వారు, భటులు నవ్వారు. మకరయ్యా శంఖయ్యా ఒకరి భుజం మీద ఒకరు వాలి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి కలిసి నవ్వారు.

"పన్నెండట బావా!"

"పన్నెండట బామ్మర్దీ! సరి వంకులట!"

నవ్వుతూ నవ్వుతూనే మకరయ్య బాకు వైపు చూశాడు. చూసి, కళ్ళు నులుముకుని, పిడి నుంచి మొన దాకా కళ్ళతోనే లెక్కపెట్టాడు. శంఖయ్య మొన నుంచి పిడి దాకా లెక్కపెట్టాడు. ఇద్దరి ముఖాలూ సున్నం కొట్టినట్టయ్యాయి.

"ప్రభూ," అన్నాడు మకరయ్య. "పన్నెండే."

"అవును ప్రభూ," అన్నాడు శంఖయ్య.

వాళ్ళిద్దరూ ఒప్పుకోవడం చూసి జనం మరీ హడలిపోయారు. ఒక మంత్రి బల్ల ఎక్కాడు. ముసలమ్మ పాట ఆపేసింది.

"పన్నెండైతే ఏం?" అన్నాడు శరభాంకుడు.

"ఏటి బాబూ ఇలా చేశారు!" అంది గవరమ్మ. "కెరీసుకి బేసి వంకులే ఉంటాయి. సరి వంకుల పామంటే సగం దారిలో ఎనక్కి తిరిగిన పాము. కట్టుకున్నోడినే కరుస్తాది. ఈ దేశంలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఏ కమ్మరీ అలాంటిది చెయ్యడు."

ఆ సంగతి శరభాంకుడికి తెలియదు. అతని లాగే పరదేశం నుంచి వచ్చిన కుంభదంష్ట్రుడికీ తెలియదు.

"నిప్పుకొండలో పారెయ్యండి!" అని రాజు కేక పెట్టాడు. "సరి వంకుల పాముకి అదే శిక్ష. పిడితో సహా!"

భటులు పట్టకార్లు పట్టుకుని వచ్చారు. శరభాంకుడు పిడిని గుండెకి హత్తుకుని పరుగు తీశాడు.

"నిద్రలో పరుగెడుతున్నాడు, ఎవరూ లేపకండి!" అని మొదట దుప్పటి కప్పిన కావలివాడు అడ్డంపడ్డాడు. వాడి మీద భటులు, భటుల మీద నిమ్మకాయల పళ్ళాలు, నిమ్మకాయల మీద మంత్రులు పడ్డారు. శరభాంకుడు మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకప్పు మీదికి చేరాడు. ముందు దారి లేదు. వెనక పట్టకార్లు.

అప్పుడు బాకు వేడెక్కింది. బుస్సుమంది. దాని మొన దగ్గర పచ్చని కన్ను ఒకటి తెరుచుకుంది.

"మూర్ఖుడా! ఇక్కడ నూరేళ్ళు హాయిగా ఉందామనుకున్నాను, చెడగొట్టావు!" అని గర్జించి, కుంభదంష్ట్రుడు బాకు రూపంలోనే ఆకాశానికి లేచాడు. పిడి వదలని శరభాంకుడు దానితో పాటే లేచాడు. కింద కోట అరచేతంత అయింది. వరిచేల మెట్లు దువ్వెన పళ్ళంత అయ్యాయి. రెండు దుప్పట్లూ రెక్కల్లా కొట్టుకుంటుండగా ముగ్గురూ నేరుగా నిప్పుకొండ మీదికి పోసాగారు.

"ఆ కొండ అవతల నా గుహ ఉంది. అక్కడ నిన్ను ఒర చేస్తాను! చెల్లెలు పిడి, అన్న ఒర!" అని మాయావి పకపకా నవ్వాడు.

"అన్నయ్యా, విను," అంది వనమాలిక. "వీడు అంగీకార విద్య పట్టాడు. వేలు పెట్టి ఎన్ని వంకులంటే అన్ని వంకులవుతాడు. అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు. కాదనడం వీడి చేతుల్లో లేదు."

"నోర్ముయ్యి పిడీ!" అన్నాడు కుంభదంష్ట్రుడు.

శరభాంకుడి బుర్రలో, ఒడ్డు దిగినప్పటి నుంచి నిద్రపోతున్న ఆ బుర్రలో, ఒక మెరుపు మెరిసింది. బాకు మీద వేలు పెట్టి, "వంకులే లేవు!" అని అరిచాడు.

బాకు చీపురుపుల్లలా తిన్నబడిపోయింది. పచ్చని కన్ను మూతపడింది. ఒక్క క్షణం తరవాత ఇనుప గురక మొదలైంది.

"పడుకున్నాడు! చూశావా చెల్లీ, పడుకున్నాడు!"

"చూశాను. వాడే కదా మనల్ని ఎగరేస్తున్నది?"

శరభాంకుడు కిందికి చూశాడు. సరిగ్గా కింద నిప్పుకొండ నోరు, ఎర్రగా, గుండిగలో పాకం ఉడికినట్టు కుతకుతలాడుతోంది. ముగ్గురూ రాయిలా పడిపోతున్నారు.

"మూడు!" అని అరిచాడు. "మూడు వంకులు!"

బాకు నడుము మూడు మెలికలు తిరిగింది. ఆవులింత పాము. కన్ను సగం తెరుచుకుంది. "అమ్మా... తెల్లారిందా?" అని కుంభదంష్ట్రుడు పెద్దగా ఆవులించి, బద్ధకంగా, గాలిపటంలా తేలసాగాడు. పడటం ఆగింది. కొండ అంచు మీదుగా, సముద్రం వైపు, మెల్లమెల్లగా సాగారు. దూరాన, ఎర్రబడ్డ నీళ్ళ మీద, గలాటాలో కోట నుంచి జారుకున్న గవరమ్మ పడవ తెరచాప విప్పుతూ కనిపించింది.

వీణ్ణి పూర్తిగా లేవనివ్వకూడదు. పూర్తిగా పడుకోనివ్వకూడదు. శరభాంకుడికి ఒక్కటే దారి తోచింది. కోటలో అడుగుపెట్టినప్పటి నుంచి చెవుల్లో పోసిందే పోసిన పాట. గొంతు సవరించుకుని, అపస్వరంగా ఎత్తుకున్నాడు.

"పాకకే పాకకే పచ్చని పామా..."

"ఊఁ," అన్నాడు కుంభదంష్ట్రుడు నిద్రమత్తులో.

"పాలు తెస్తానే, పడుకోవె పామా..."

సగం దారి గడిచింది. నీళ్ళు దగ్గరపడ్డాయి. గవరమ్మ పడవలో లేచి నిలబడి చెయ్యి ఊపుతోంది. అప్పుడు వెనక నిప్పుకొండ ఒక్కసారి తేన్చింది. ధూపంలాంటి తెల్లని పొగ మేఘం ఒకటి తీరిగ్గా వచ్చి ముగ్గురినీ కమ్ముకుంది.

"అన్నయ్యా," అంది వనమాలిక, ఊపిరి బిగబట్టి. "నా ముక్కు."

"వద్దు! వద్దే తల్లీ!"

"హాచ్చి!"

కుంభదంష్ట్రుడి ఆవులింత మధ్యలో ఆగింది.

"హాచ్చి!"

పచ్చని కన్ను పూర్తిగా తెరుచుకుని, గుండ్రంగా తిరిగి, శరభాంకుడి ముఖం మీద నిలిచింది. శరభాంకుడు మళ్ళీ పాట ఎత్తుకుని, ఏనుగుని బెదరగొట్టిన ఆ మూడో తుమ్ము రాకుండా, బొటనవేలితో చెల్లెలి చిట్టి కొయ్యముక్కుని గట్టిగా నొక్కిపట్టాడు. వేలి కింద ఆ ముక్కు, పాలగిన్నె మీద మూతలా, ఎగరబోతూ గిలగిల్లాడుతోంది.